పౌరసత్వమూ - రాజభక్తి ప్రమాణమూ

పుట్టుక వల్లనో, తల్లిదండ్రుల వల్లనో ఒక దేశానికి పౌరుడైనవాడు ఆ హక్కు కోసం ఏ మాటా పలుకనక్కరలేదు. పరదేశం నుండి వచ్చి, ఏండ్ల తరబడి అక్కడ శ్రమించి, పన్నులు చెల్లించి, పిల్లలను అక్కడి బడులలో చదివించి, చివరకు పౌరసత్వం కోరుకున్నవాడు మాత్రం ఒక ప్రమాణం చేసి తీరవలెను. ఆ ప్రమాణం ఎవరి పేరిట ఉండవలెను? దేశం పేరిటనా? రాజ్యాంగం పేరిటనా? లేక సింహాసనం మీద కూర్చున్న ఒక రాజు పేరిటనా? ఈ ప్రశ్నను పరిశీలించుటయే ఈ వ్యాస ఉద్దేశం.

రాజులు పోయిన దేశంలో ఈ చర్చ మనకెందుకు అని కొందరు విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. కెనడా, బ్రిటన్, న్యూజీలాండ్ దేశాలలో నూతన పౌరులు నేటికీ రాజైన మూడవ ఛార్లెస్‌కు, ఆయన వారసులకు విధేయులమై ఉంటామని ప్రమాణం చేస్తున్నారు. ఆ దేశాలకు చదువుల కోసం, ఉద్యోగాల కోసం వెళ్ళి స్థిరపడుతున్నవారిలో ఉర్దూ, తెలుగు మాట్లాడే మన బిడ్డలు ఎందరో ఉన్నారు. మన చట్టం ప్రకారం స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం పొందినవాడు భారత పౌరసత్వాన్ని కోల్పోతాడు. అనగా గణతంత్రంలో పుట్టిన మనిషి ఆ ప్రమాణంతో ఒక రాజుకు విధేయుడవుతున్నాడు. కావున ఈ విషయం మనకు దూరమైనది కాదు.

ప్రమాణం - దాని బరువు

ప్రమాణం సాధారణమైన మాట వంటిది కాదు. మాట తప్పినవాడిని లోకం నిందిస్తుంది. ప్రమాణం తప్పినవాడిని అతని అంతరాత్మయే నిందిస్తుంది. ఆడిన మాట కోసం ఆలుబిడ్డలను అమ్ముకొని కాటికాపరి అయిన హరిశ్చంద్రుని కథ మన పల్లెలలో చదువురాని వారికి కూడా తెలుసు. హస్తినాపుర సింహాసనాన్ని కాచుకొని ఉన్న భీష్ముని కథ ఇంకొక పాఠం చెప్పుతుంది. అంతటి సత్యసంధుడు నిండు సభలో ద్రౌపదికి అవమానం జరుగుతున్నప్పుడు, ధర్మం సూక్ష్మమైనదని పలికి ఊరకుండిపోయినాడు. సింహాసనానికి కట్టుబడినవాని ఎదుట ఒకనాడు ధర్మము, సింహాసనము వేరువేరు దారులు పట్టవచ్చుననుటకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఇస్లామీయ చరిత్రలో విధేయతా ప్రమాణానికి బైఅత్ అని పేరు. ఈ పదం క్రయవిక్రయాలను సూచించే అరబ్బీ ధాతువు నుండి వచ్చినది. అనగా అది ఇరుపక్షాలనూ బంధించే ఒప్పందం. 632లో దైవప్రవక్త పరమపదించిన పిదప మదీనా ప్రజలు హజ్రత్ అబూబకర్ చేతిలో చేయి వేసి బైఅత్ చేశారు. 680లో హజ్రత్ ఇమామ్ హుసేన్ యజీద్‌కు బైఅత్ చేయ నిరాకరించి, కర్బలా మైదానంలో ప్రాణాలర్పించారు. తెలుగునాట హిందువులు, ముస్లిములు కలిసి జరుపుకొనే పీర్ల పండుగ ఆ నిరాకరణకు స్మృతిచిహ్నమే. నేటి రాజ్యాంగబద్ధ రాజులను ఆ నాటి యజీద్‌తో పోల్చుట మా అభిమతం కాదు. మనస్సు ఒప్పని ప్రమాణం చేయుటకంటె కష్టాన్ని కోరుకున్నవారు మన సంప్రదాయాలన్నింటిలోనూ పూజ్యులే అని మాత్రమే మేము చెప్పదలచినాము.

ప్రమాణాలు అడ్డుగోడలైన కాలం

ఇంగ్లండు చరిత్రను చూచినచో రాజభక్తి ప్రమాణం చాలాకాలం అల్పసంఖ్యాక వర్గాలను బయట నిలిపే ద్వారంగా పనిచేసినట్లు తెలుస్తుంది. 1828లో ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ పార్లమెంటుకు ఎన్నికయినాడు. నాటి ప్రమాణాల మాటలు కాథలిక్కు మనస్సాక్షికి విరుద్ధమైనవి గనుక ఆయన సభలో కూర్చొనలేకపోయినాడు. మరుసటి ఏడు, 1829లో, చట్టాన్నే మార్చవలసి వచ్చినది. 1847లో లండన్ నగరం నుండి ఎన్నికైన యూదుడు లయొనెల్ రోత్‌షీల్డ్, క్రైస్తవుని నిజ విశ్వాసంతో అనే మాటను పలుకజాలక, పదునొకండేండ్లు వేచి 1858లో గాని సభలో అడుగుపెట్టలేదు.

తరువాత నాస్తికుడైన ఛార్లెస్ బ్రాడ్లా వంతు వచ్చినది. 1880లో ఎన్నికైన ఆయన దేవుని పేరిట కాక ఆత్మసాక్షిగా ప్రతిజ్ఞ చేస్తానని అడిగినాడు. సభ అంగీకరించలేదు. ఓటర్లు ఆయనను మరల మరల గెలిపించి పంపినారు. 1886లో గాని ఆయనకు స్థానం దక్కలేదు. 1888లో, దైవప్రమాణానికి బదులు ప్రతిజ్ఞ చేయవచ్చునను చట్టం ఆయన కృషి వల్లనే వచ్చినది. ఈ బ్రాడ్లాయే 1889లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు వచ్చి భారతీయుల ఆదరాన్ని చూరగొన్నాడు.

ఈ మూడు కథలలోనూ ఒక సత్యం కనిపిస్తుంది. రాజద్రోహం తలపెట్టినవాడెవడూ ఆ ప్రమాణాల వల్ల ఆగిపోలేదు. ఏ ఎండకా గొడుగు పట్టేవాడు అర నిమిషంలో ప్రమాణం పలికి లోపలికి పోగలడు. మాటకు విలువ ఇచ్చేవాడే గుమ్మం బయట నిలిచిపోయినాడు. నిజాయితీపరుని ఆపి, కపటిని పోనిచ్చే పరీక్ష పరీక్ష ఎట్లవుతుంది?

కెనడాలో జరిగిన వ్యాజ్యం

ఈ ప్రశ్న మన కాలంలో కెనడాలో న్యాయస్థానాల ముందుకు వచ్చినది. ఆ దేశపు మొదటి పౌరసత్వ చట్టం 1947 జనవరి 1న అమలులోకి వచ్చినది. అక్కడ పదునాలుగేండ్లు నిండిన ప్రతి నూతన పౌరుడు పౌరసత్వ ప్రమాణం చేయవలెను. అందులో మొదట రాజుకు, ఆయన వారసులకు విధేయత. ఆ తరువాత దేశపు చట్టాలను పాటించుట, పౌరుని బాధ్యతలు నెరవేర్చుట వస్తాయి. ప్రమాణం చేయనివాడు శాశ్వత నివాసిగా బ్రతుకవచ్చును గాని, దేశ పార్లమెంటు ఎన్నికలలో ఓటు వేయలేడు. ఆ దేశపు పాస్‌పోర్టు పొందలేడు.

ట్రినిడాడ్‌లో పుట్టి 1955లో కెనడాకు వచ్చిన ఛార్లెస్ రోచ్ టొరంటోలో పేరు మోసిన న్యాయవాది. నల్లజాతివారి హక్కుల కోసం జీవితమంతా పోరాడినవాడు. తన పూర్వులను బానిసలుగా చేసిన సామ్రాజ్యపు కిరీటానికి విధేయత ప్రకటించుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. ఆయన తన ఆక్షేపణను కోర్టులకు తీసుకొనిపోయి ఓడిపోయినాడు. కెనడాకు ఎంతో సేవ చేసి కూడా, 2012లో కన్ను మూసేనాటికి ఆయన కెనడా పౌరుడు కాలేదు.

ఆయన తలపెట్టిన పనిని మరి ముగ్గురు ముందుకు నడిపించినారు. వారిలో ఒకరు ఐర్లండు నుండి వచ్చిన గణతంత్రవాది. ఒకరు జమైకా నుండి వచ్చిన రాస్తఫారీ మతస్థురాలు. మరొకరు ఇజ్రాయెల్ నుండి వచ్చిన గణితశాస్త్రాచార్యుడు. చట్టాలను పాటిస్తామనుటకు వారికి అభ్యంతరం లేదు. ఒక వంశానికి విధేయత పలుకుమనుట తమ భావస్వాతంత్ర్యానికి, మతస్వాతంత్ర్యానికి విరుద్ధమని వారి వాదన. 2013లో అంటారియో న్యాయమూర్తి ఒకరు, ఇది మనిషి చేత బలవంతంగా మాట పలికించుటయేనని ఒప్పుకొని, స్వేచ్ఛాయుత సమాజంలో అది సమర్థనీయమైన పరిమితియేనని తీర్పు చెప్పినారు. 2014లో ఆ రాష్ట్రపు అప్పీలు కోర్టు ఇంకొక అడుగు వేసినది. ప్రమాణంలోని రాణి వ్యక్తి కాదనీ, కెనడా ప్రభుత్వ విధానానికి ఆమె సంకేతమనీ, వాదులు మాటలను అక్షరార్థంలో తీసుకొని పొరబడినారనీ చెప్పినది. 2015లో కెనడా సుప్రీంకోర్టు ఆ అప్పీలును విచారణకు స్వీకరించలేదు. ఆ ఏడు చివరలో గణితాచార్యుడు ప్రమాణం చేసి, అక్కడికక్కడే దానిలోని రాజభక్తి భాగాన్ని విరమించుకొంటున్నానని ప్రకటించినాడు. అట్లు ప్రకటించినా ఆయన పౌరసత్వానికి లోటు రాలేదు.

ఆ 2015లోనే అక్కడ మరొక వ్యాజ్యం తేలినది. పాకిస్తాన్ నుండి వచ్చిన ఒక ముస్లిం మహిళకు ప్రమాణం మాటలపై ఏ ఆక్షేపణా లేదు. ఐతే బహిరంగ సభలో నికాబ్ తీసి ప్రమాణం చేయవలెనను 2011 నాటి నిబంధనను ఆమె ఎదిరించినది. కోర్టులు ఆమె పక్షమే తీర్పు చెప్పినవి. ఆమె నికాబ్‌తోనే ప్రమాణం చేసి పౌరురాలయినది. ప్రమాణం చేసే తీరులో వ్యక్తి విశ్వాసానికి చోటు కల్పించిన దేశం, ప్రమాణపు మాటలలో కూడా ఆ చోటు కల్పించరాదా అని మాకు తోచుతున్నది.

అనుకూల వాదాలు

ఎదుటి పక్షపు వాదాన్ని దాని పూర్తి బలంతో వినుట విద్యార్థి ధర్మం. రాజభక్తి ప్రమాణాన్ని సమర్థించువారు నాలుగు కారణాలు చెప్పుతారు.

మొదటిది: రాజు సంకేతం మాత్రమే. జెండాకు వందనం చేసేవాడు గుడ్డముక్కకు వందనం చేయడు గదా.

రెండవది: రాజు పార్టీలకు అతీతుడు. ప్రధానమంత్రులు వస్తారు, పోతారు. విధేయతను రాజుకు ముడివేసినచో, అది అధికారంలో ఉన్న పార్టీకి కట్టుబానిసతనం కాకుండా కాపాడవచ్చును. 2022 సెప్టెంబరు 8న రాణి ఎలిజబెత్ మరణించినప్పుడు ప్రమాణంలో పేరు మారినదే గాని, రాజ్యవ్యవస్థలో ఏ కలతా రాలేదు.

మూడవది: కెనడాలో ఆదివాసి జాతులు చేసుకొన్న సంధిపత్రాలన్నీ కిరీటం పేరిటనే ఉన్నవి. ఆ పేరు చెరిగిపోయినచో తమ హక్కులకు పునాది కదులునేమోనని వారిలో కొందరి భయం.

నాల్గవది: వచ్చినవాడు తెలిసి, కోరి వచ్చినాడు. ఇంటి పద్ధతి నచ్చనివాడు ఆ ఇంట చేరుట దేనికి?

ఈ వాదాలలో కొంత నిజం లేకపోలేదు. ముఖ్యంగా రెండవ వాదం ఆలోచింపదగినది. నాయకునికీ, దేశానికీ భేదం తెలియని రాజకీయాలను చూచినవారికి, పార్టీలకు అతీతుడైన ఒక వ్యక్తి దేశానికి ప్రతీకగా ఉండుట మేలనిపించవచ్చును.

మా సమీక్ష

ఐనను మా సమాధానం ఇది. రాజు సంకేతమైనచో, ఆ సంకేతం దేనిని సూచిస్తున్నదో దానినే ప్రమాణంలో సూటిగా పేర్కొనవచ్చును గదా. రాజ్యాంగము, చట్టము అనేవి పలుకరాని మాటలు కావు. ప్రమాణం వంటి గంభీర విషయంలో నోటి మాటకు ఒక అర్థమూ, కోర్టు చెప్పే అర్థం మరొకటీ ఉండరాదు. మాటను పలికించి, దాని అర్థం నీవు అనుకొన్నది కాదు పొమ్మనుట, తరువాత కావలెనంటే విరమించుకొమ్మనుట, ఆ ప్రమాణాన్ని తేలిక చేయుటయే. దానిని నమ్మినవానికీ అది మర్యాద కాదు, నమ్మనివానికీ కాదు.

ఇంకొక విషయం. రాజు కూడా ప్రమాణం చేయుచున్నాడు. 2023 మే 6న జరిగిన పట్టాభిషేకంలో మూడవ ఛార్లెస్, తన రాజ్యాలలోని ప్రజలను వారి వారి చట్టాలను, ఆచారాలను అనుసరించి పాలిస్తానని ప్రమాణం చేసినాడు. రాజే చట్టానికి కట్టుబడి ఉన్నప్పుడు, చట్టమే ఇరువురికీ పైనున్నది. ప్రజలను రాజు ద్వారా చుట్టుదారిన చట్టం వద్దకు నడిపించుట ఎందుకు? తిన్ననైన దారి ఉన్నది గదా.

సంధిపత్రాల వాదానికి కెనడాయే పరిష్కారం చూపినది. 2021లో ఆ దేశం తన ప్రమాణాన్ని సవరించి, ఆదివాసి జాతుల హక్కులనూ, సంధి హక్కులనూ రాజ్యాంగం గుర్తించినదను మాటను అందులో చేర్చినది. అనగా చెప్పదలచినదానిని సూటిగా చెప్పవచ్చునని తేలినది. ప్రమాణపు మాటలు మార్చరానివి కావనీ తేలినది. 2022లో క్విబెక్ రాష్ట్రం తన శాసనసభ్యులకు రాజభక్తి ప్రమాణం తప్పనిసరి కాదని చట్టం చేసినది. శాసనం చేసే సభ్యునికి లభించిన ఆ మినహాయింపు, ఓటు హక్కు కోసం వేచి ఉన్న సామాన్య వలసదారునికి మాత్రం లేదు.

రాజు పేరు తీసివేస్తే రాజ్యవ్యవస్థ కూలునని భయపడేవారు ఆస్ట్రేలియాను చూడవలెను. అక్కడ 1994 నుండి నూతన పౌరుల ప్రతిజ్ఞలో రాణి పేరు లేదు. ఆస్ట్రేలియా దేశానికీ, దాని ప్రజలకూ విశ్వాసం. ప్రజాస్వామ్య విశ్వాసాలు, హక్కులు, చట్టాలు - ఇవియే అందులోని మాటలు. దైవనామంతో ఒక పాఠం, దైవనామం లేకుండా మరొక పాఠం ఉన్నవి. ఎవరికి నచ్చినది వారు పలుకుతారు. ఐదేండ్ల తరువాత 1999లో ఆ దేశంలో గణతంత్రం కావలెనా అని ప్రజాభిప్రాయం సేకరించగా, సుమారు 55 శాతం వద్దన్నారు. రాణి రాణిగానే ఉన్నది. నేడు ఆమె కుమారుడు అక్కడ కూడా రాజు. ప్రమాణంలో పేరు లేనంతమాత్రాన కిరీటం జారిపోలేదు.

ఇక కోరి వచ్చినవాడన్న వాదం. ఈ వాదంలోనే పెద్ద అన్యాయం దాగి ఉన్నదని మేము భావిస్తున్నాము. కెనడాలో పుట్టినవాడు రాజరికం వద్దని వీధిలో ఉపన్యసించవచ్చును, పత్రికలలో వ్రాయవచ్చును. అతని పౌరసత్వం చెక్కుచెదరదు. ఆ అభిప్రాయమే గల వలసదారుడు మాత్రం మొదట విధేయత పలికి, తరువాత దానిని వ్యతిరేకించవలెను. ఒకే దేశంలో ఒకే అభిప్రాయం ఒకనికి హక్కు, మరొకనికి ఆత్మవంచన. పుట్టిన పౌరుని నుండి ఏది కోరుటకు వీలు లేదో దానిని వచ్చిన పౌరుని నుండి కోరరాదు. చట్టానికి విధేయత ఇద్దరూ సమానంగా ఋణపడినది. దానిని తప్పక కోరవచ్చును.

మన దేశపు మార్గం

మన పెద్దలు ఈ ప్రశ్నకు స్వాతంత్ర్యపు తొలినాళ్ళలోనే జవాబు చెప్పినారు. 1949 ఏప్రిల్ లండన్ ప్రకటన ప్రకారం భారతదేశం గణతంత్రంగా ఉంటూనే కామన్వెల్తులో కొనసాగినది. బ్రిటిష్ రాజును ఆ దేశాల స్వేచ్ఛా సమ్మేళనానికి చిహ్నంగా అంగీకరించినదే గాని, ఆయనకు విధేయత పలుకలేదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం పొందే విదేశీయుడు ఏ వ్యక్తికీ ప్రమాణం చేయడు. భారత రాజ్యాంగానికి విశ్వాసమూ, విధేయతా చూపుతాననీ, చట్టాలను పాటించి పౌరుని బాధ్యతలు నెరవేరుస్తాననీ మాత్రమే చెప్పుతాడు. దైవప్రమాణమో, ఆత్మసాక్షిగా ప్రతిజ్ఞయో అతని ఇష్టం.

హైదరాబాదు ప్రాంతపు వారికి ఇది పుస్తకంలోని విషయం మాత్రమే కాదు. 1948 సెప్టెంబరు వరకు ఇక్కడి వారందరూ నిజాం ప్రభువుకు రిఆయా. 1950 జనవరి 26న, ఎవ్వరి రాజభక్తినీ పరీక్షించకుండానే, హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు అందరూ ఒక్కసారిగా సమాన పౌరులైనారు. ఆనాడే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాజప్రముఖ్ పదవి స్వీకరించి, భారత రాజ్యాంగానికి ప్రమాణం చేసినారు. ఏడు తరాల ప్రభువంశపు చివరి పాలకుడు, ఆయన కింది రిఆయా, ఒకే గ్రంథం ముందు ఒకే వరుసలో నిలిచినారు. ఈ ఘట్టాన్ని మన విద్యార్థులు మరువరాదు.

మనస్సాక్షికీ, విధేయతకూ మధ్య తగవు వచ్చినప్పుడు ఏమి చేయవలెనో కూడా మన సుప్రీంకోర్టు 1986లో చెప్పినది. కేరళలో ఒక చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడే వేళ మర్యాదగా లేచి నిలబడినారు. మతవిశ్వాసం వల్ల పాడలేదు. బడి వారిని వెళ్ళగొట్టినది. తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి తీర్పులో, నిలబడుటలోనే గౌరవం ఉన్నదనీ, నోరు మెదపనంతమాత్రాన అగౌరవం కాదనీ తేల్చి, పిల్లలను తిరిగి చేర్చుకొమ్మన్నారు. సహనమే మన సంప్రదాయమూ, మన రాజ్యాంగపు ఆచరణా అని ఆయన గుర్తుచేసినారు.

ముగింపు

విధేయత నాలుక చివర ఉండేది కాదు. చట్టాన్ని పాటించుటలో, పన్ను ఎగ్గొట్టకుండుటలో, పొరుగువాని కష్టానికి నిలబడుటలో, ఓటును అమ్ముకొనకుండుటలో అది కనిపిస్తుంది. అల్పసంఖ్యాక వర్గాలను, వలస వచ్చినవారిని ఎప్పటికప్పుడు నీ వఫాదారీ ఋజువు చేసుకొమ్మని అడుగుట అనేక దేశాలలో ఉన్న అలవాటే. ఆ ప్రశ్న అందరినీ సమానంగా అడిగినప్పుడే న్యాయం. కొందరినే అడిగినప్పుడు అవమానం.

కావున నూతన పౌరుడు ప్రమాణం చేయుట సమంజసమే. ఐతే అది పుట్టిన పౌరుడూ, వచ్చిన పౌరుడూ, రాజూ కూడా సమానంగా కట్టుబడి ఉన్న రాజ్యాంగానికి కావలెను. వ్యక్తికి, వంశానికి చేసే ప్రమాణం స్వచ్ఛందంగా ఉండవచ్చును. పౌరసత్వానికి వెలగా ఉండరాదు. ఇది మా నిశ్చితాభిప్రాయం.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఆ దేశాలకు వెళ్ళవచ్చును. ఆ ప్రమాణపత్రం మీ చేతికి వచ్చిన నాడు దానిని ముందుగా చదువుడు. ప్రతి మాటకు అర్థం తెలిసికొనుడు. సంకేతమను అర్థంలో మీ మనస్సు ఒప్పినచో నిండు మనస్సుతో పలుకుడు. అందులో తప్పు లేదు. ఒప్పనిచో, ఛార్లెస్ రోచ్ వలె మాట పలుకకుండా నిలిచి, చట్టబద్ధంగా దానిని మార్చుటకు కృషి చేయుడు. అందులోనూ తప్పు లేదు. మనస్సులో ఒకటి, నోటిలో ఒకటి పెట్టుకొని మాత్రం ఆ గడప దాటకుడు. నూతన దేశంలో మీ మొదటి మాట నిజమైనది కావలెను.